భోజన్న కారులో పంకా

ఎడపల్లి భోజన్న హోదా కోసం కారు కొన్నాడని ఊరు తీర్పు చెప్పింది. ఊరు చెప్పే తీర్పులకు విచారణ ఉండదు, సాక్షులు ఉండరు, ముద్దాయిని అడగడం అసలే ఉండదు; ఈ తీర్పూ అలాంటిదే. ఒకవేళ అడిగినా భోజన్న నోరు విప్పేవాడు కాదు. అసలు కారణం నలుగురిలో చెప్పుకోలేనంత చిన్నది. తన భార్య సత్తవ్వ దారిలో తన పక్కన కూర్చోవాలి. వెనక కాదు, పక్కన.

ఆ కోరికకు కారే ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే బోధన్ చుట్టుపక్కల చెరుకు ఊళ్లలో దంపతులు బండి ఎక్కే క్రమం తెలియాలి. మగవాడు ముందు కూర్చుని ఎడ్ల తోకలు చూస్తూ బండి తోలతాడు. ఆడమనిషి బండి చివర, బస్తాలకు అవతల, వదిలి వచ్చిన దారిని చూస్తూ కూర్చుంటుంది. ఏ బస్తా జారినా పట్టుకోవలసింది ఆమే. నడిచి వెళ్లినా ఇదే వరస: ఆయన ముందు, ఆమె వెనక. ఈ క్రమాన్ని ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు, అడగనందువల్ల అది చట్టం కన్నా గట్టిగా నిలిచింది. పెళ్లయిన నాటి నుంచి భోజన్న సత్తవ్వను ఇంట్లో చూశాడు, పొలంలో చూశాడు. దారిలో మాత్రం చూడలేదు. దారిలో ఆమె బస్తాల మీదుగా వచ్చే ఒక గొంతు. ఆ గొంతు ఏమన్నా అతడు "ఆఁ" అనేవాడు.

ఒక ఏడు నిజామాబాద్ గంజ్‌కు, అంటే పంట అమ్మే బజారుకు, పసుపు వేసుకెళ్తుండగా జానకంపేట దాటాక ఒక బస్తా జారి కింద పడింది. సత్తవ్వ దూకి, బండి ఆపమని కేక వేసింది. భోజన్న "ఆఁ" అని బండి పోనిచ్చాడు. గంజ్ చేరేదాకా ఆ ఏటి పంట గురించి, ఎడమ ఎద్దు పొగరు గురించి, సత్తవ్వ తమ్ముడి సోమరితనం గురించి ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు. తమ్ముడి ప్రస్తావనకు కూడా ఆమె ఎదురు చెప్పకపోవడం అతనికి ఎంతో తృప్తినిచ్చింది. గంజ్‌లో దిగి చూస్తే బస్తాల వెనక ఎవరూ లేరు. చాలాసేపటికి సత్తవ్వ వేరొకరి బండిలో, జారిపడిన బస్తా మీద దర్జాగా కూర్చుని వచ్చింది. వచ్చి ఒక్క మాట అనలేదు.

అని ఉంటే భోజన్నకు నిద్ర పట్టేది. అనకపోవడంతో దిగులు పట్టుకుంది. ఇన్నేళ్లుగా తాను దారి పొడవునా ఎవరితో మాట్లాడుతున్నట్టు? ఆమె ఎన్నిసార్లు ఉంది, ఎన్నిసార్లు లేదు?

భోజన్న మంచివాడు. పసుపు, చెరుకు రెండూ పండించేవాడు. అడిగిన వాడికి లేదనేవాడు కాదు. అతనిలో ఉన్న లోపం ఒక్కటే. ఏ విషయమైనా సగం వినేసరికి మిగతా సగం తనకు తెలిసిపోయిందని నమ్మేవాడు. ఈ లోపం మగవాళ్లలో ఉంటే దాన్ని ధైర్యం అంటారు.

పంతొమ్మిదివందల అరవైలో ఆ ప్రాంతపు చెరుకు మిల్లుకు యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక ఇంగ్లండు ఇంజనీరు స్వదేశానికి వెళ్లిపోతూ తన నల్ల కారును అమ్మకానికి పెట్టాడు. భోజన్న చూడటానికి వెళ్లి, ముందు తలుపు తెరిచి ఆగిపోయాడు. ముందు సీటు అరుగులా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే. తోలేవాడూ పక్కన కూర్చునేవాడూ ఒకే వైపు చూస్తారు. మధ్యలో బస్తాలు లేవు. ఇంజిను ఎలా ఉందని కూడా అతడు అడగలేదు.

దొరకు తెలుగు రాదు, భోజన్నకు ఇంగ్లీషు రాదు. పాఠం అంతా చేతులతో సాగింది. క్లచ్, గేరు, బ్రేకు, లైట్లు అన్నీ అయ్యాక దొర ఎడమ వైపు కింద ఉన్న ఒక మెరిసే మరను చూపించాడు. తన రెండు చేతులతో తన భుజాలను పట్టుకుని, పళ్లు టకటకలాడించి, గజగజ వణికి చూపించి, ఎందుకో పకపకా నవ్వాడు. భోజన్న మర తిప్పి చూశాడు. లోపల ఎక్కడో చిన్న పంకా గిర్రున తిరిగిన చప్పుడైంది. ఇంకేం కావాలి? ఈ మర తిప్పితే మనిషి వణికేంత చలి పుడుతుంది. దొరలు మన ఎండకు తాళలేక చేయించుకున్న ఏర్పాటు ఇది. ఎండాకాలంలో కొండరాళ్లకు కూడా చెమట పట్టేట్టుండే జిల్లాలో పుట్టి పెరిగినవాడు ఇంకోలా ఎలా అనుకుంటాడు? లోకంలో ఎవరైనా డబ్బు పెట్టి, మనసు పెట్టి, కారులో వేడిని పుట్టించుకుంటారన్న ఊహ అతనికే కాదు, బోధన్ నుంచి నిజామాబాద్ దాకా ఏ ఒక్కరికీ రాదు.

కోసేసిన చెరుకు మడిలో కొన్నాళ్లు నడిపి నేర్చుకున్నాడు. ఆపవలసి వచ్చినప్పుడు బ్రేకు తొక్కుతూనే నోటితో కూడా ఎడ్లను నిలిపినట్టు కేక వేసేవాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం సత్తవ్వను ముందు సీటులో, తన పక్కన కూర్చోబెట్టుకుని నిజామాబాద్‌కు బయలుదేరాడు. పని ఏమీ లేదు. పని లేకుండా ప్రయాణం చేయడమే ఆ ప్రయాణం. సత్తవ్వ పట్టుచీర కట్టింది, కాలివేళ్లకు కొత్త మెట్టెలు పెట్టింది. ఊరు దాటగానే భోజన్న, కిటికీలోంచి వచ్చేది వడగాలి కనుక అద్దాలు ఎత్తించి, గర్వంగా మర తిప్పాడు.

కాసేపటికి సత్తవ్వ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఏమయ్యా, కాళ్లకు సెగ గొడ్తున్నది."

"పంకా గది. బయట ఎండకు గట్లనే ఉంటది. జరసేపైతే సలి వెడ్తది, సూడు," అని భోజన్న మరను ఇంకొంచెం తిప్పాడు.

గాలి మరింత వేడిగా వచ్చింది. గాలి వేడెక్కిన కొద్దీ పంకా చాలడం లేదని భోజన్న మర ఇంకా తిప్పాడు. తిప్పిన కొద్దీ గాలి ఇంకా వేడెక్కింది. మధ్యలో సత్తవ్వ ఒకసారి కాళ్లు సీటు మీదికి ఎత్తుకుంటే, కాళ్లు కింద పెడితేనే చల్లదనం తగులుతుందని అతడు హితవు చెప్పాడు. జానకంపేట రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడి ఉంది. కారు ఆగింది. మెట్టెలు కాలి సత్తవ్వ వేళ్లు ఎర్రబడ్డాయి.

"గిది పంకా కాదు. పొయ్యి," అన్నది ఆమె.

"తెల్లదొర నా ముంగట వణికి సూపిచ్చిండే. నీకెర్కనా, ఆయినకెర్కనా?"

సత్తవ్వ తలుపు తీసి దిగి, గేటు కాసే లింబయ్య దగ్గరికి వెళ్లింది. లింబయ్య పచ్చజెండా పట్టుకుని రైలు కోసం చూస్తున్నాడు.

"లింబన్నా, నువ్వు సాక్షి. గా పొయ్యిల నేను మల్ల కూసోను."

రైలు పోయింది, గేటు లేచింది. అటునుంచి వచ్చిన బోధన్ బస్సెక్కి సత్తవ్వ ఇంటికి వెళ్లిపోయింది. సాక్ష్యం చెప్పే భాగ్యం ఎన్నడూ దక్కని లింబయ్య ఆ బాధ్యతను మనసారా స్వీకరించాడు. గేటు పడినప్పుడల్లా ఆగిన బండ్లవాళ్లకూ లారీలవాళ్లకూ సంగతి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. రోజుకు ఎన్ని రైళ్లో అన్ని వాయిదాలు. వారం తిరగకుండా రెండు వైపులా ఊళ్లకు తెలిసింది, భోజన్న పెళ్లాన్ని పొయ్యిలో పెట్టి నిజామాబాద్ తీసుకుపోయాడని.

నిజామాబాద్‌లో లారీలు బాగుచేసే గఫూర్ మిస్త్రీ దగ్గరికి భోజన్న కారు తీసుకెళ్లాడు. గఫూర్ అలాంటి కారు ఎన్నడూ చూడలేదు. చూడలేదని ఒప్పుకోవడం అతని వృత్తి మర్యాదకు భంగం కనుక, మూత ఎత్తి, చాలాసేపు తల ఊపి, ఆ తర్వాత ఇంజిను నుంచి బయలుదేరిన రెండు రబ్బరు గొట్టాల వెంట వేలు పోనిచ్చాడు. ఇంజిను వేడిని నీళ్లు మోసుకుని ముందున్న రేడియేటరుకు పోతాయని, అక్కడ గాలికి చల్లారి తిరిగి వస్తాయని అతనికి తెలుసు. ఈ కారులో ఆ వేడినీళ్లలో కొంత వేరే దారి పట్టింది. ఒక గొట్టంలో వెళ్లి ఇంకో గొట్టంలో తిరిగి వస్తోంది. మధ్యలో, ముందు సీటులో కూర్చున్నవాళ్ల మోకాళ్ల ఎదుట, ఒక రేకుపెట్టె ఉంది. పెట్టె విప్పితే ఇటుకంత ఇత్తడి వస్తువు: సన్నటి గొట్టాల వరసలు, వాటి నడుమ మడతలు మడతలుగా పల్చటి రేకులు. దాని వెనక పంకా.

"పటేలా, గిది పిల్ల రేడియేటర్," అన్నాడు గఫూర్. "పంకా మంచిదే. పంకా గాలి వచ్చే తొవ్వల మరుగుతున్న నీళ్లు వెట్టిండ్రు."

ఎందుకు పెట్టారన్నది ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. చివరికి గఫూరే తేల్చాడు: వాళ్ల దేశంలో చలి ఎక్కువ, కారులో కూర్చున్నవాళ్లకు కాక కావాలి. అప్పుడు భోజన్నకు దొర వణికిన వణుకు మళ్లీ కళ్ల ముందు ఆడింది. దొర చూపించింది మర తిప్పితే వచ్చేది కాదు, మర తిప్పితే పోయేది. ఆ నవ్వు, ఈ ఎండల దేశంలో నీకు దీనితో పని పడదులే అన్న నవ్వు.

ఇక్కడ న్యాయంగా జరగవలసింది ఒకటే. ఇంటికి వెళ్లి, "నువ్వు చెప్పిందే నిజం," అనాలి. ఆ మాటకు పెట్రోలు అక్కర్లేదు, పానా అక్కర్లేదు, మిస్త్రీ అక్కర్లేదు. భోజన్నకు మాత్రం ఆ మాట కన్నా కారు బాగుచేయడం తేలికనిపించింది. సత్తవ్వ వేడి వల్ల దిగిపోయింది. వేడి పోతే ఎక్కుతుంది. సగం విని మిగతా సగం తెలుసుకునే అతని పద్ధతి ఈసారీ చక్కగా పనిచేసింది.

వేడినీళ్లు పెట్టెలోకి పోకుండా ఆపడానికి ఇంజిను దగ్గర చిన్న కుళాయి ఉంది. అది తుప్పు పట్టి, తెరిచిన చోటే బిగుసుకుపోయింది. గఫూర్ దాన్ని మొదట బతిమాలాడు, తర్వాత సుత్తితో మాట్లాడాడు. కుళాయి కదల్లేదు, ఆ దెబ్బల అదురుకు లోపల ఇత్తడి వస్తువు అతుకు విడిచి సీటు కింద నీళ్లు కారసాగాయి. కారే రేడియేటరుకు లారీవాళ్లు చేసే వైద్యం గఫూర్ చెప్పాడు: నీళ్లలో గుప్పెడు పసుపు వేస్తే అది వెళ్లి చిల్లి దగ్గర పేరుకుని పూడుస్తుంది.

గుప్పెడు అన్నాడు గఫూర్. అయితే వింటున్నది పసుపు రైతు. గంజ్‌లో బస్తాల లెక్కన పసుపు దింపే మనిషికి గుప్పెడు పసుపు అడగడం అవమానంలా తోచింది. ఇంటి నుంచి ఎంచి తెచ్చిన మేలురకం కొమ్ములు దంచి, జల్లించి, చేటతో రేడియేటరులో పోశాడు.

వైద్యం అద్భుతంగా ఫలించింది. కారడం ఆగింది. అంతకన్నా విచిత్రం, వేడి కూడా ఆగింది. సన్నటి గొట్టాలన్నీ పసుపుతో పూడుకుపోయి పెట్టెలోకి నీళ్లే పోవడం లేదని భోజన్నకు తెలియదు. ఒక మందుతో రెండు రోగాలు కుదిరాయని సంబరపడ్డాడు. ఇక సత్తవ్వ ఎక్కడమే తరువాయి. ఆమెను పిలిచే ముందు, చల్లగా ఉందని ఊళ్లో పెద్దమనిషి ఒకరితో చెప్పించాలనుకున్నాడు. అందుకు కిరాణా కొట్టు ఆత్మారాంను ఎంచుకున్నాడు.

ఆత్మారాం యాభై దాటినవాడు, భార్య పోయి చాలా కాలమైనవాడు, మాట తూచి మాట్లాడేవాడు. ఒక పొలం గట్టు తగాదాలో సాక్ష్యం చెప్పడానికి నిజామాబాద్ కోర్టుకు వెళ్లవలసి ఉండి, మడతలు విప్పని తెల్లధోవతి, తెల్ల కమీజు, తెల్లటోపీ ధరించి ముందు సీటులో కూర్చున్నాడు. జానకంపేట దాకా ప్రయాణం సుఖంగానే సాగింది. ఆ తర్వాత ఇంజిను మరగడం మొదలైంది. మోటారు నీళ్లు సాఫీగా తిరగాలి. తిరిగే దారిలో పసుపు ముద్ద కడితే వేడి ఎటు పోతుంది? మూత సందుల్లోంచి పచ్చటి ఆవిరి వస్తుంటే ఆత్మారాం గమనించి, వాన ముందరి ఉక్క అనుకుని టోపీతో విసురుకున్నాడు.

"ఉక్కపోస్తున్నదా ఆత్మారాం? పంకా వెడ్త ఆగు," అన్నాడు భోజన్న. "గిప్పుడిది నిజంగ పంకానే."

మర తిప్పిన ఆ క్షణంలోనే, మరిగిన నీళ్ల ఒత్తిడికి పసుపు బిరడా విడిపోయింది. పంకా తన విధి తాను నిర్వర్తించింది. పెట్టెలోంచి పచ్చటి తుంపర బుస్సున లేచి ఆత్మారాంను తలపాగా చుట్టే చోటి నుంచి చెప్పుల దాకా సమంగా, ఎక్కడా వివక్ష చూపకుండా తడిపింది. అదృష్టవశాత్తూ సీటుకు చేరేసరికి తుంపర చల్లబడింది, చర్మం కాలలేదు. రంగు మాత్రం పట్టేసింది.

వెనక్కి తిరగడానికి సమయం లేదు. సమన్లు అందుకున్న సాక్షి హాజరు కాకపోతే ఏమవుతుందో ఆత్మారాంకు భయం. ఆ అవతారంతోనే బస్సెక్కి వెళ్లి కోర్టు వరండాలో నిలబడ్డాడు. పరిచయం లేనివాళ్లు వచ్చి శుభం పలికారు. ఒక ముసలాయన పిల్లది ఏ ఊరని అడిగి, ఈ వయసులోనైనా ఒక తోడు ఉండటం మంచిదేనని వీపు నిమిరాడు. బోనెక్కాక ఎదుటి పక్షం వకీలు లేచి, ఈ సాక్షిని తమ కక్షిదారు గుర్తుపట్టలేకపోతున్నాడని అభ్యంతరం తెలిపాడు. సాక్షి ఏ రంగులో ఉండాలో సాక్ష్య చట్టంలో ఎక్కడా లేదని ఈ పక్షం వకీలు వాదించాడు. ఆ మాట నిజమే. జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని సాక్షిని తేరిపార చూశారు.

"లగ్గం ఎప్పుడు?" అని అడిగారు.

ఆత్మారాం సత్యం చెబుతానని అప్పుడే ప్రమాణం చేసి ఉన్నాడు. తనకు లగ్గం లేదని, భోజన్న కారెక్కానని చెప్పాడు. అది జవాబుగా ఎవరికీ అందలేదు. నలుగుపెట్టిన పెళ్లికొడుకును బోనులో నిలబెట్టడం బాగుండదని జడ్జిగారు విచారణ వాయిదా వేశారు. తిరుగు బస్సులో ఆత్మారాంకు రెండు సంబంధాలు వచ్చాయి.

ఆత్మారాం నేరుగా సత్తవ్వ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాడు. ధోవతి మోకాటి దాకా ఎత్తి చూపించాడు, పిక్కల మీద కూడా పసుపేనని. సత్తవ్వ గడప మీద కూర్చుని నవ్వింది. మే నెల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. కొట్టం చాటు నుంచి ఆ నవ్వు విన్న భోజన్న ఆశపడి బయటికి వచ్చాడు. ఆమె నవ్వు ఆపి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాయబారం అలా ముగిసింది. చలికాలం వచ్చింది. చెరుకు బండ్లతో బోధన్ దారి నిండిపోయింది. భోజన్న విసిగి, ఆ పాడు వస్తువును పీకి పాత ఇత్తడి కొనేవాడికి ఇచ్చేసి, రెండు గొట్టాల కొసలూ ఒకదానితో ఒకటి కలిపేయమని గఫూర్‌కు చెప్పాడు. ఆ సంగతి ఇంట్లో అన్నాడు. ఎవరితోనో కాదు, గోడతో. సత్తవ్వ వింది. పొయ్యి అన్న తన మాట నిజమని రుజువు చేసే ఒకే ఒక వస్తువు పాత ఇత్తడిలో కలిసిపోబోతోంది. మరునాడు పొద్దున ఆమె బస్సులో నిజామాబాద్ వెళ్లి గఫూర్ ముందు నిలబడింది. భోజన్న అప్పటికే అక్కడ ఉన్నాడు.

"యాడున్నది గది? సూపియ్యి తమ్మీ."

గఫూర్ బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని ఎత్తి చూసింది, ఊదింది, వేలితో గీకి వాసన చూసింది. నీళ్లు ఏ గొట్టంలోంచి లోపలికి వస్తాయి, ఏ గొట్టంలోంచి బయటికి పోతాయి అని అడిగింది. గఫూర్ చెప్పాడు. ఇత్తడి బిందె పారేసే ఇల్లాలు ఉంటుందా? ఆమె చింతపండు తెప్పించి, వేడినీళ్లలో పిసికి, వడగట్టి, బయటికి పోయే గొట్టం వైపు నుంచి పోయించింది. లోపలికి వచ్చిన మట్టి, వచ్చిన దారినే పోతుందన్నది ఆమె లెక్క. ముందుకు తోస్తే ఇంకా బిగుసుకుంటుంది. మొదట ఏమీ రాలేదు. నానబెట్టి మళ్లీ పోస్తే ముద్దలు ముద్దలుగా పసుపు, దాని వెనక దొరగారి కాలం నాటి తుప్పు. గఫూర్ తన వంతుగా ఒక కొస మూసి, నీళ్ల తొట్టిలో ముంచి, రెండో కొసలో ఊదాడు. సైకిలు ట్యూబులో లాగే బుడగలు లేచిన చోట చిల్లి. బిందెకు మాటు వేసినట్టు అక్కడ మాటు వేశాడు. కుళాయిని కిరసనాయిలులో నాననిస్తే సుత్తికి లొంగనిది వేలికి లొంగింది. ఎండాకాలం అది మూసి ఉంచాలని, చలికాలం తెరవాలని, అప్పుడు పంకాకు ఏ కాలంలోనూ తప్పు అంటదని తేలింది. ఆ తర్వాత కారు నడిచినన్నాళ్లూ, అంటే డెబ్బైలు సగం గడిచేదాకా, ప్రతి దీపావళికి ఇంట్లో ఇత్తడి సామానుతో పాటు దానికీ చింతపండు స్నానం ఉండేది. పగిలిన గొట్టాలు మార్చేవారు. సీటు కింద గోనెపట్టా తడిగా ఉందేమోనని సత్తవ్వ చెయ్యి పెట్టి చూసేది.

ఆ రోజు గఫూర్ గొట్టాలు బిగిస్తూ, చెడు ఉద్దేశమేమీ లేకుండా అడిగాడు.

"అక్కా, మేము ఇంజిను ఇప్పి సూస్తెగాని ఎర్కగాలే. గిది పొయ్యి అని నీకెట్ల ఎర్కైంది?"

"కాళ్లు కాలినయ్ తమ్మీ," అన్నది సత్తవ్వ. "కాళ్లు నావి."

భోజన్న చేతిలోని గుడ్డతో తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. ఆమె ఎందుకు దిగిపోయిందో అతనికి అప్పుడు అందింది. వేడికి కాదు. తన కాళ్లు కాలుతున్నాయో లేదో తనకన్నా దొరకు బాగా తెలుసన్నందుకు. ఆమె సీటులోనే ఉంది, పక్కనే ఉంది. తాను మాత్రం బస్తాల అవతలి గొంతుకు చెప్పినట్టే జవాబు చెప్పాడు. కారు కొన్నాడు గానీ బండి దిగలేదు.

"నువ్వు జెప్పినప్పుడే నేను ఇనాల్సుండె," అన్నాడు, గుడ్డ వైపు చూస్తూ.

"గీ మాట గీడగాదు. గేటు కాడ అను."

మాట ఎక్కడ పోయిందో అక్కడే తిరిగి రావాలి. ఆమె ఇంటికి బస్సెక్కింది. భోజన్న ఖాళీ సీటుతో బస్సు వెనకే కారు పోనిచ్చాడు. బస్సు ఆగితే ఆగాడు, చెరుకు బండ్లకు దారి ఇస్తే ఇచ్చాడు. జానకంపేటలో గేటు పడి ఉంది. అతడు దిగి లింబయ్య ముందుకు వెళ్లాడు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"లింబయ్యా, గది పంకా కాదు. పొయ్యి. మా ఇంటామె జెప్పిందే నిజం. నాదే తప్పు."

లింబయ్య జెండా చంకలో పెట్టుకుని, సంగతి తాను విన్నానని, అయితే వెనక సీట్లవాళ్లకు వినబడలేదని, రేపు వాళ్లు తనను అడిగితే ఇబ్బంది కనుక ఇంకొంచెం గట్టిగా అనమని కోరాడు. భోజన్న గట్టిగా అన్నాడు. చెరుకు బండ్లవాళ్ల కోసం ఇంకోసారి అన్నాడు. మూడోసారికి సిగ్గు పోయి గొంతు తేరుకుంది. అప్పటికి రైలు వచ్చి వెళ్లింది.

సత్తవ్వ బస్సు దిగి, వచ్చి, తలుపు తీసుకుని ముందు సీటులో కూర్చుంది. చలిగా ఉంది. కుళాయి తెరిచే ఉంది. ఆమె తనే చెయ్యి చాచి మర తిప్పి, కాళ్లు ముందుకు చాపుకుంది.

ఎటు పోనివ్వాలని భోజన్న అడిగాడు. అలా అడగడం అతనికి అదే మొదటిసారి. ఇంటికి వద్దంది. మే నెలలో ఎటు బయలుదేరారో అటే పొమ్మంది. అతడు కారు వెనక్కి తిప్పాడు.

ఒకే దారిని ఇద్దరూ ఒకేసారి చూడటం కొత్తగా ఉంది. తర్వాత సత్తవ్వ మొదలుపెట్టింది. ఎడమ ఎద్దుది పొగరు కాదని, దానికి మెడ మీద పుండు ఉండేదని, ఆ సంగతి ఎన్నోసార్లు చెప్పానని అన్నది. కాలువ పక్క మడిలో చెరుకు వద్దని, పసుపే పెట్టమని చెప్పానన్నది. తమ్ముడు సోమరి అన్నది నిజమేనని, కాని ఆ మాట అనే హక్కు తనకు మాత్రమే ఉందని అన్నది. బస్తాల మీదుగా ఇన్నేళ్లుగా పంపి, చేరకుండా పోయిన మాటలన్నీ ఒక్కొక్కటే మళ్లీ వచ్చాయి. భోజన్న ప్రతి మాటకూ తల తిప్పి చూశాడు. తోలేవాడు అలా చూడకూడదని ఆమె కోప్పడితే, ముందుకు చూస్తూనే విన్నాడు. "ఆఁ" అనలేదు. "మరి?" అన్నాడు.

దారిలో టాంగాలు వచ్చాయి, గంజ్ వచ్చింది, రైలు స్టేషను వచ్చింది. తర్వాత అవేవీ లేవు. చాలాసేపటికి భోజన్నకు దారి పక్కన డిచ్‌పల్లి ఆసుపత్రి చెట్లు కనిపించాయి. అతడు కంగారుగా బ్రేకు తొక్కి, నోటితో కూడా ఆపి, నిజామాబాద్ ఎప్పుడో దాటిపోయిందని, హైదరాబాద్ దారిలో ఉన్నామని, తిప్పమంటావా అని అడిగాడు.

సత్తవ్వ అటూ ఇటూ చూసి, చీర కొంగు సర్దుకుంది.

"నేను జెప్పేది ఇంక అయిపోలే," అన్నది. "ఇంకింత ముంగటికి పోనియ్యి."